స్కాన్ గదిలో మాట ఆగిపోయినప్పుడు: ఒక అయిదో నెల కేసు

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరు, వయసు, ఉద్యోగాలు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. వారాలు, స్కాన్ల వరుస, నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. వైద్యపరంగా ఇందులో వింతేమీ లేదు, చివరికి తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. మరి ఎందుకు రాయడం అంటే, పదహారేళ్ళుగా ఓపీలో రోజుకి ఇరవై సార్లయినా నా నోట్లోంచి వచ్చే "ఏం పర్లేదమ్మా" అన్న మాట ఎక్కడ పనిచేయదో నాకు ఈ అమ్మాయి దగ్గరే తెలిసింది.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్నం. అమ్మాయికి 27 ఏళ్ళు, డిగ్రీ అయింది, అత్తగారింట్లో ఉంటుంది. భర్తకి హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకి రెండుసార్లు వస్తాడు, మిగతా రోజులు రాత్రి వీడియో కాల్. ఇది రెండోసారి నెల తప్పడం. మొదటిది ఏడాదిన్నర క్రితం వేరే ఊళ్ళో పోయింది. 19వ వారంలో, బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే టిఫా స్కాన్‌కి వెళితే బిడ్డ గుండె అప్పటికే ఆగిపోయి ఉంది, రెండు రోజుల తర్వాత మందులతో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. తర్వాత థైరాయిడ్, షుగర్, ఏపీఎల్ఏ (గర్భం పోవడానికి కారణమయ్యే యాంటీబాడీల) పరీక్షలు అన్నీ చేయించారు, అన్నీ నార్మల్. కారణం దొరకలేదు. ఆ ఫైలంతా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మొదటి రోజే నా టేబుల్ మీద పెట్టింది, నేను తిరగేస్తుంటే నా వేళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

ఈసారి 8వ వారంలో గుండె కొట్టుకోవడం కనిపించింది. 12వ వారంలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచేది), దాంతో పాటు డబుల్ మార్కర్ రక్త పరీక్ష, రెండూ కలిపి చూస్తే డౌన్ సిండ్రోమ్ రిస్కు 4,000లో 1 కంటే తక్కువ. బీపీ బాగుంది, హిమోగ్లోబిన్ 10.8. ఐరన్, కాల్షియం రాసి, 16 వారాలకి రమ్మని పంపాను. మామూలు కేసే అనుకున్నాను.

ఎందుకొచ్చింది

16 దాకా ఆగలేదు. 15వ వారం మొదట్లోనే వచ్చి, "మేడమ్, వాంతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి" అంది. ఆగిపోయే సమయమే అది, మంచిదే అన్నాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, పొట్ట తగ్గినట్టుందట. ఆ తర్వాత కదలిక తెలియట్లేదని. తోటికోడలికి నాలుగో నెల నిండకుండానే తెలిసిందట, తనకేమీ తెలియడం లేదు. తోటికోడలిది రెండో కాన్పు, పైగా ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, 18 నుంచి 20 వారాల మధ్య తెలిస్తే చాలు అని చెప్పాను. ఈ అమ్మాయికి మాయ ముందు గోడకి ఉంది. అలా ఉన్నవాళ్ళకి బిడ్డకీ పొట్ట చర్మానికీ మధ్య ఒక దిండు అడ్డం పెట్టినట్టే, ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. అదీ చెప్పాను. తల ఊపింది. వెళ్ళింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది.

ఈ సమయం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మేము డాక్టర్లం దీన్ని తేలిక కాలంగా లెక్కేస్తాం. మొదటి మూడు నెలల గండం గడిచింది, బీపీలూ వాపులూ ఇంకా మొదలవలేదు, కాబట్టి నెలకొకసారి వస్తే చాలు అంటాం. తల్లి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. మొదట్లో వాంతులుండేవి, అదే సాక్ష్యం. 20 దాటాక కదలికలు వస్తాయి, అదీ సాక్ష్యమే. ఈ మధ్యలో ఆరేడు వారాలు కడుపులో బిడ్డ ఉందనడానికి ఆమె చేతిలో ఏ ఆధారమూ ఉండదు. పొట్ట కూడా పెద్దగా కనపడదు. సరిగ్గా అప్పుడే మేము "ఇక నెల తర్వాత రండి" అంటాం.

మొదట నేను చేసింది

స్కాన్‌కి పంపాను. ఇంకేం చేస్తాం? ఒకసారి పోగొట్టుకున్న మనిషి, భయపడుతోంది, గుండె చూపిస్తే సరిపోతుంది, అయిదు నిమిషాల పని. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను, మొదటిసారికి. 15 వారాలకి ఒకటి, 16 వారాల 3 రోజులకి ఒకటి, 17 వారాల 2 రోజులకి ఇంకొకటి. తర్వాత ఫైలు ముందేసుకుని తేదీలు చూసుకుంటే సిగ్గేసింది. మొదటి స్కాన్ ఆమెకి ఇచ్చిన నిమ్మళం తొమ్మిది రోజులు ఉంది. రెండోది అయిదు రోజులు. మూడోది అదే సాయంత్రం దాకా. ఇంటికి వెళ్ళిన మూడు గంటలకి ఫోన్ చేసి, "స్కాన్ అయ్యాక ఏమన్నా అయ్యుంటుందేమో మేడమ్" అంది.

అత్తగారికి ఇంకో బెంగ. ఇన్ని స్కాన్లు తీస్తే బిడ్డకి రేడియేషన్ తగులుతుందని ఆవిడ గట్టి నమ్మకం. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, అది శబ్ద తరంగం, ఎక్స్‌రే కాదు అని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. నాకున్న అభ్యంతరం అది కాదు. ప్రతి స్కానూ "నీ భయం నిజమే, అందుకే చూశాం" అని ఆమెకి చెబుతోంది. ఆ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

పైగా స్లిప్పు ఒకటి. గర్భిణికి స్కాన్ తీస్తే చట్టప్రకారం ఫారమ్ ఎఫ్ అనే కాగితం నింపాలి, అందులో కారణం ఉండాలి. నేను రిఫరల్ స్లిప్పు మీద మూడుసార్లూ ఒకటే రాశాను: వయబిలిటీ. మాకది రోజూ రాసే మాట. ఆ స్లిప్పు ఆమె భర్తకి ఫొటో తీసి పంపితే, ఆయన అర్థం వెతికి చెప్పాడట, "బతికే ఉందో లేదో చూడమని రాశారు" అని. మూడుసార్లు ఒక తల్లి చేతికి నేను ఆ మాట రాసిచ్చి పంపాను. ఈ సంగతి చాలా రోజుల తర్వాత బయటపడింది.

రాత్రి 12:40

మూడో స్కాన్ తర్వాత వాళ్ళు ఆన్‌లైన్‌లో బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ మిషను కొన్నారు, రెండున్నర వేలు చిల్లర. నాకు చెప్పలేదు. 18వ వారంలో ఒక రాత్రి 12:40కి నర్సు ఫోన్ చేసింది, పేషెంట్ ఏడుస్తూ వచ్చిందని. వెళ్ళేసరికి ఆ అమ్మాయి బల్ల మీద పడుకుని ఉంది, ఒక చేత్తో మిషను బొడ్డు పైన పెట్టి నొక్కుతోంది, రెండో చేతిలో ఫోన్, ఫోన్లో భర్త. ఆయన అంటున్నాడు, "140 ఉండాలి కదండీ, ఇందాక 112 చూపించింది, ఇప్పుడు 104, తగ్గిపోతోంది!"

నేను ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. 104. తెర మీద కనిపిస్తున్నది బిడ్డ గుండె కాదు, తల్లి నాడి. ఏడుపు కాస్త తగ్గేకొద్దీ ఆమె నాడి నెమ్మదిస్తోంది, ఆ అంకె కూడా దాంతో పాటే దిగుతోంది, వాళ్ళేమో దిగుతున్న అంకె చూసి ఇంకా హడలిపోతున్నారు. 18 వారాలకి గర్భసంచి ఇంకా బొడ్డు దాకా రాదు. మిషను బొడ్డు పైన పెడితే దొరికేది తల్లి రక్తనాళమే. దాన్ని కిందికి జరిపి, పొత్తికడుపు కింది ఎముక పైన కొంచెం వాలుగా పెట్టి, ముందున్న మాయ హోరు తప్పించి పక్కకి తిప్పితే రెండు నిమిషాలకి దొరికింది, గుర్రం పరిగెత్తినట్టు టకటకమని, 150. ఆమె చెయ్యి తీసి ఆమె మణికట్టు మీదే పెట్టి, రెండు చప్పుళ్ళూ ఒకేసారి వినమన్నాను. తేడా తెలిసింది. ఫోన్లో ఆయన ఏడ్చాడు.

అక్కడిదాకా బాగానే చేశాననుకుంటాను. ఆ తర్వాత చేసింది బాగాలేదు. "ఇది ఇంట్లో వద్దు, తీసి పారెయ్" అన్నాను. కారణం సరైనదే. ఈ మిషన్లు రెండు వైపులా మోసం చేస్తాయి: ఉన్న చప్పుడు దొరక్క హడలగొట్టడం ఒకటి, ఏడో నెల దాటాక కదలికలు తగ్గినా చప్పుడు వినిపిస్తోంది కదా అని తల్లిని ఇంట్లోనే కూర్చోబెట్టడం ఇంకొకటి. రెండోది మరీ ప్రమాదం, గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు. కానీ ఆ రాత్రి నేను ఇవేవీ చెప్పలేదు. నిద్రమత్తులో ఆర్డర్ వేశాను. ఆమె "సరే మేడమ్" అంది, బియ్యం డబ్బాలో దాచింది, రోజుకి మూడుసార్లు తీసి వింటూనే ఉంది.

తిరగబడ్డ మాట

నాలుగు రోజుల తర్వాత ఓపీలో తనే చెప్పింది, దాచానని, మానలేకపోతున్నానని. బరువు కిలోన్నర తగ్గింది. నిద్ర రెండు మూడు గంటలు. నేను విసుగ్గా కాదు, ప్రేమగానే అన్నాను, "ఇంత టెన్షన్ పడితే ఎలాగమ్మా, బిడ్డకి మంచిది కాదు కదా."

ఆమె కాసేపు ఊరుకుని, "మొదటిది నేను టెన్షన్ పడినందుకే పోయిందా మేడమ్?" అంది.

నా బల్ల మీద ఇంకా పద్నాలుగు టోకెన్లు ఉన్నాయి. "అవన్నీ అయ్యేదాకా ఉంటావా, మాట్లాడుకుందాం" అన్నాను. ఉంది. ఆ కూర్చోవడం నలభై నిమిషాలు.

విషయం ఏమిటంటే, మొదటి గర్భంలో ఆ స్కాన్‌కి వారం ముందు ఇంట్లో తమ్ముడి పెళ్ళి పెట్టుపోతల దగ్గర గొడవ జరిగింది, మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చింది. తర్వాత స్కాన్‌లో గుండె లేదు. ఎవరూ నోరు తెరిచి నిందించలేదు. ఈసారి నెల తప్పగానే మాత్రం పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, పక్కింటావిడ, చివరికి నేను, అందరం ఒకటే పాట: ఈసారైనా టెన్షన్ పడకు. ఆ "ఈసారైనా" అన్న మాట ఆమెకి ఎలా వినపడుతుందో మేమెవరం ఆలోచించలేదు. భయం వేస్తుంది, భయపడితే బిడ్డకి హాని అని ఇంకా భయం, ఆ భయం బిడ్డకి తగిలిందేమో చూసుకోవడానికి మిషను.

నేను తెలిసినదీ తెలియనిదీ విడదీసి చెప్పాను. "ఎందుకు పోయిందో నాకు తెలియదు. పరీక్షల్లో దొరకలేదు. కానీ ఏడిస్తే, మూడు రోజులు అన్నం మానేస్తే బిడ్డ గుండె ఆగదు. అది మాత్రం నాకు తెలుసు. రేపు నువ్వు రోజంతా ఏడ్చినా ఈ బిడ్డ గుండె ఆగదు." ఆఖరి వాక్యం అనాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించాను, ఏడవమని చెప్పినట్టు ఉంటుందేమోనని. ఆమెకి అక్కరకొచ్చింది అదే.

తర్వాత అడిగాను, ఆ రోజు స్కాన్ గదిలో ఏం జరిగిందో చెప్పమని. ఏడాదిన్నరలో ఇది ఎవరూ అడగలేదట. రిపోర్టు అందరూ చూశారు.

ఆమె చెప్పింది ఇది. పడుకుంది, చల్లటి జెల్లీ రాశారు, ఆ డాక్టరమ్మ ముందు కబుర్లు చెబుతోంది, ఏ ఊరు, ఏం చదివావు అని. ఉన్నట్టుండి మాట ఆపేసింది. తెర అటు తిప్పుకుంది. బటన్లు నొక్కిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె పైన ఫ్యాన్ చూస్తూ పడుకుంది, మధ్యలో అంతా బాగుందా అని అడిగితే జవాబు లేదు. తర్వాత అత్తగారిని బయటికి పిలిచారు. తలుపు సగం తెరిచి ఉంది, బయట ఎవరో నవ్వుకుంటున్నారు, పొట్ట మీద జెల్లీ ఆరిపోతోంది, తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. "ఆవిడ మాట్లాడటం ఆపేసినప్పుడే నాకు తెలిసిపోయింది మేడమ్."

అప్పుడు నాకు అర్థమైంది, నేను పంపిన మూడు స్కాన్లలోనూ ఏం జరిగిందో. ఆమె మళ్ళీ మళ్ళీ అదే బల్ల మీద పడుకుంది, ఎదురుగా మళ్ళీ మాట్లాడని మనిషి. ఆ పది నిమిషాలు ఆమెకి పాత రోజే. చివర్లో "నార్మల్" అన్న మాట వచ్చేసరికే ఒళ్ళంతా చెమట. నేనిచ్చిన మందే జబ్బుని తిరగదోడుతోంది.

నిశ్శబ్దం ఎందుకు

మా ఊరి రేడియాలజిస్టుకి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. మంచివాడు, నెమ్మదస్తుడు. స్కాన్లో మాట్లాడకపోవడం ఏమిటండీ అంటే, ఆయన తన గోడు చెప్పుకున్నాడు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆడో మగో మాటతో గానీ సైగతో గానీ ఏ విధంగానూ చెప్పకూడదు, గోడ మీద బోర్డు ఉండాలి, ఫారంలో గడి ఖాళీగా ఉన్నా కేసే. అందుకని చాలామంది తెర తిప్పేసుకుంటారు, నోరు కట్టేసుకుంటారు, నోరు విప్పితే ఎక్కడ ఏ మాట జారుతుందో, దాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో అని.

ఆ చట్టం ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చట్టం దాచమన్నది ఒక్క సంగతి. గుండె కొట్టుకుంటోందని చెప్పొద్దని ఎక్కడా లేదు. మేము ఒక్కటి దాచడానికి మొత్తం మూసేశాం.

ఆయనతో మాట్లాడి ఒక పద్ధతి అనుకున్నాం. టిఫాకి ఆమె పడుకోగానే ముందు గుండె దగ్గరికే వెళ్ళాలి, మొదటి అర నిమిషంలోనే చెప్పేయాలి. తర్వాత ఒక వాక్యం: "అమ్మా, ఇప్పుడు ఒక ఇరవై నిమిషాలు కొలతలు తీసుకోవాలి, లెక్క తప్పకూడదు కాబట్టి నేను మాట్లాడను. మాట్లాడకపోతే ఏదో అయిందని కాదు." ఇది నా ఆలోచన కాదు, ఆయనదే. మధ్యలో రెండుసార్లు ఊరికే "ఇంకా పని అవుతోంది" అనాలి. ఒకవేళ నిజంగానే తేడా కనిపిస్తే అత్తగారిని బయటికి పిలవకుండా ఆమెకే చెప్పాలి, నాకు వెంటనే ఫోన్ చేయాలి. ఈ చివరిది ఆమెకి ముందే చెప్పాను: ఏదైనా ఉంటే నీకే చెబుతారు, నీ వెనక మాట్లాడరు. బాగుంటుందని మాటివ్వలేదు, ఇవ్వలేను. ఏదీ దాచబోమని మాత్రం మాటివ్వగలను.

19 వారాల 4 రోజులకి టిఫా అయింది. ఆయన చెప్పినట్టే చేశాడు. ఆమె బల్ల మీద కళ్ళు మూసుకుని పడుకుందట, బయటికి వచ్చి అత్తగారితో "గుండె బాగుందన్నారు, తర్వాత మాట్లాడనని చెప్పి మాట్లాడలేదు" అందట.

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేదో.

కౌంటర్లో చేతికొచ్చిన రిపోర్టు

గదిలో అన్నీ అనుకున్నాం, కౌంటర్ సంగతి మర్చిపోయాం. సాయంత్రం అయిదున్నరకి రిసెప్షన్‌లో టైపు చేసిన రిపోర్టు కవర్లో పెట్టి ఇచ్చేశారు. అందులో ఒక లైను: ఎడమ జఠరికలో ఎకోజెనిక్ ఇంట్రాకార్డియాక్ ఫోకస్. నేను ఆ పూట వేరే ఊళ్ళో ఉన్నాను. రాత్రికల్లా భర్త ఆ నాలుగు ముక్కలు వెతికి, డౌన్ సిండ్రోమ్ దాకా వెళ్ళిపోయాడు. తెల్లారి ఏడున్నరకి ముగ్గురూ నా గుమ్మంలో ఉన్నారు, ఆయన రాత్రి బస్సెక్కి వచ్చాడు.

ఆ చుక్క ఏమిటంటే, గుండె లోపలి చిన్న కండరంలో కాస్త సున్నం చేరి స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. గుండె పనికి దాంతో సంబంధం లేదు. ఏ తేడా లేని బిడ్డల్లో నూటికి మూడు నుంచి అయిదుగురిలో కనిపిస్తుంది, ఆసియా తల్లుల బిడ్డల్లో ఇంకా ఎక్కువగానే. దీన్ని డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోముల తేడాకి ఒక చిన్న గుర్తుగా ఒకప్పుడు లెక్కేసేవారు. మొదటి మూడు నెలల స్క్రీనింగ్‌లో రిస్కు తక్కువ వచ్చి, టిఫాలో మిగతావన్నీ బాగుండి, ఇదొక్కటే కనిపిస్తే దాన్ని వెంటబడి చూడక్కర్లేదు.

ఇదంతా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాను. ఈసారి "ఏం పర్లేదు" దగ్గర మొదలుపెట్టకుండా "మీరు రాత్రి ఏం చదివారో ముందు చెప్పండి" దగ్గర మొదలుపెట్టాను. ఆయన ఫోన్ తీసి చూపించాడు, ఒక్కో ముక్కకీ ఇది మీకు వర్తిస్తుంది, ఇది వర్తించదు అని చెప్పుకుంటూ పోయాం. దాని వల్ల జరిగిందేమిటంటే వాళ్ళ తలలో ఉన్న భయానికి జవాబు దొరికింది, నా తలలో ఉన్న పాఠానికి కాదు.

ఆయనకి మాత్రం ఆగలేదు. "అన్నీ చేయించేద్దాం మేడమ్, డబ్బు సంగతి వదిలేయండి, ఉమ్మనీరు తీసి చూద్దాం." ఇక్కడ నా ఆలోచన ఇలా సాగింది. ఉమ్మనీటి పరీక్ష వద్దు, దాంతో గర్భం పోయే ప్రమాదం చిన్నదే, 200లో 1 కన్నా తక్కువ, అయినా వాళ్ళ స్క్రీనింగ్ రిస్కు దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ, లెక్క కుదరదు. తల్లి రక్తంతోనే బిడ్డ క్రోమోజోముల తేడా చూసే ఎన్ఐపీటీ అనే పరీక్ష ఉంది, దానికి ప్రమాదం లేదు, ఖర్చుంది. అవసరం లేదని నా అభిప్రాయం, కానీ ఉందన్న సంగతి దాచే హక్కు నాకు లేదు. చెప్పాను. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుందని కూడా చెప్పాను. "ఇంకో పది రోజుల ఎదురుచూపు కొనుక్కుంటారా, ఆలోచించండి." ఈ మాటతో నేను వాళ్ళని ఒక వైపు నెట్టానేమో అని తర్వాత అనిపించింది, అవును, కొంచెం నెట్టాను. వాళ్ళు ఒక రాత్రి తీసుకుని వద్దనుకున్నారు.

అన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటి. ఆమె అడిగింది, "ఆ చుక్క పోయిందో లేదో రెండు వారాలకి ఒకసారి చూద్దామా?" అడిగిన తీరు చూస్తే ఎవరికైనా సరే అనాలనిపిస్తుంది. కాదన్నాను. "పోయినా పోకపోయినా మనం చేసేది ఏమీ మారదు. మారనప్పుడు చూస్తే నీకు మిగిలేది మళ్ళీ ఆ బల్ల." ఒప్పుకుంది. మొహం మాత్రం మాడ్చుకుంది.

మంగళవారాలు

ఇక అసలు పని. అప్పటిదాకా నా పద్ధతి ఏమిటి? భయమేస్తే రా, చూస్తాను. దయగానే కనిపిస్తుంది. కానీ అలా అంటే భయమే టోకెన్ అయిపోతుంది, నన్ను చూడాలంటే ముందు భయపడాలి. దాన్ని విడగొట్టాలి. అందుకని రెండు వారాలకోసారి మంగళవారం పదకొండింటికి రమ్మన్నాను, బాగున్నా సరే, బాగాలేకపోయినా సరే. అయిదారు నిమిషాలే. పడుకుంటుంది, మా డాప్లర్ పెట్టి చప్పుడు గది మొత్తం వినపడేలా పెడతాను, నేను చేసేది చేస్తున్నట్టే బయటికి చెబుతాను: "ఇది మాయ హోరు, ఇది నీ నాడి, ఇదిగో బిడ్డది." వెళ్ళేముందు ఆమె కార్డు మీద వచ్చే తేదీ రాసి, దాని పక్కన ఆ రోజు ఏం తెలుస్తుందో, ఏం తెలియదో రాస్తాను. ఈ మధ్యలో వచ్చే ప్రశ్నలు పుస్తకంలో రాసుకురమ్మన్నాను. రక్తం కనిపించినా, నీరు పోయినా, పొట్ట పట్టేసినట్టు నొప్పి వచ్చినా మాత్రం మంగళవారం కోసం చూడొద్దు, అర్ధరాత్రైనా రావాలి.

మిషను గురించి ఈసారి ఆర్డర్ వేయలేదు. అది ఎలా మోసం చేస్తుందో రెండు వైపులా చెప్పి, నీ ఇష్టం అన్నాను. బ్యాటరీలు తీసి అత్తగారి చేతికిచ్చింది. రేడియేషన్ అని దెబ్బలాడిన ఆవిడే, ఆ బ్యాటరీలు రెండూ కొంగున ముడేసుకుని తిరిగిందట.

నిద్ర లేకపోవడం, బరువు తగ్గడం చూసి సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పంపాలనుకున్నాను. ఆ మాట ఎత్తగానే ఇంట్లో గాభరా, "మా కోడలికి పిచ్చేం లేదండీ" అని. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను, తెలుగులోనే మాట్లాడతారు, ఎవరికీ చెప్పక్కర్లేదని. ఒకసారి చేసిందట, ఏం మాట్లాడిందో నేను అడగలేదు. నిద్ర మెరుగుపడింది, బరువు పెరిగింది కాబట్టి నేనూ ఒత్తిడి చేయలేదు. అలా మెరుగుపడకపోయి ఉంటే ఒత్తిడి చేసేదాన్ని, అది 18వ వారంలోనే చేయాల్సిందేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

21 వారాల 5 రోజులకి, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే, లోపల్నుంచి ఎవరో వేలితో మీటినట్టు అనిపించిందట. ముందు గ్యాస్ అనుకుంది. మళ్ళీ మీటింది. ఈ సంగతి నాకు మంగళవారమే చెప్పింది. కదలిక తెలిసింది గురువారం. మధ్యలో అయిదు రోజులు ఫోన్ చేయకుండా ఆగింది చూశారా, ఈ కేసులో నేను గెలిచానని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదే.

28 వారాల తర్వాత లెక్క మార్చాం. ఇన్ని సార్లు తన్నాలి అని నేను అంకె చెప్పను, అంకె చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. "నీ బిడ్డ తీరు నీకు తెలుసు, ఆ తీరు మారితే, తగ్గితే, వెంటనే రా, పొద్దున చూద్దామనుకోకు" అన్నాను. 31వ వారంలో ఒక రాత్రి పది గంటలకి వచ్చింది, సాయంత్రం నుంచి తగ్గిందని. ఎన్ఎస్‌టీ (బిడ్డ గుండె తీరు కాసేపు రాసి చూసే పరీక్ష) పెడితే బాగుంది, పెట్టిన పది నిమిషాలకే తన్నడం మొదలైంది. "ఊరికే వచ్చేశాను మేడమ్" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఊరికే కాదు, ఇది రావాల్సిన రాక అని చెప్పాను. 15వ వారంలో ఆమె వచ్చిన రాకలకీ దీనికీ తేడా నాకంటే ఆమెకే బాగా తెలుసు.

39వ వారంలో నొప్పులు వచ్చి మామూలు కాన్పు. 2.9 కిలోలు.

ఇప్పుడు మారినవి, మారనివి

స్లిప్పు మీద వయబిలిటీ అని రాయడం మానేశాను, ఫారం నిబంధనకి సరిపోయేలా గర్భం వారాలూ బిడ్డ ఎదుగుదలా అని రాస్తున్నాను, నిజంగా బతుకు మీద అనుమానం ఉన్నప్పుడు ఆ మాట ముందు నోటితో చెప్పాకే కాగితం మీద పెడుతున్నాను. టిఫా రిపోర్టు నేను ఊళ్ళో లేని పూట కౌంటర్లో ఇవ్వొద్దని రేడియాలజిస్టుతో ఒప్పందం, పది కేసుల్లో ఎనిమిదింటికి అమలవుతోంది, మిగతా రెండింటికి వాళ్ళు మేం ఊరెళ్ళాలని గొడవ చేసి తీసుకుపోతారు. ఆయన ఆ "మాట్లాడను" వాక్యాన్ని ఇప్పుడు అందరికీ చెబుతున్నాడట, దానివల్ల మధ్యలో ప్రశ్నలు తగ్గి పని తొందరగా అవుతోందని ఆయన లెక్క.

మారనిది నలభై నిమిషాల సంగతి. ఈ కేసు విని ఒక జూనియర్ అడిగింది, రోజుకి అరవై మంది వస్తే ఇలా ఎవరికి కుదురుతుంది అని. కుదరదు, నాకూ కుదరదు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద చెకప్‌లు పెడతారు, నేను కొన్నిసార్లు వెళతాను. వరండా నిండా జనం, ఆశా కార్యకర్తలు కార్డులు పట్టుకుని పిలుస్తుంటారు, మనిషికి మూడు నిమిషాలు కూడా రాదు. అక్కడ నేను ఒకటే అడగడం మొదలుపెట్టాను, కార్డులో ఇంతకుముందు పోయినట్టు రాసి ఉన్నవాళ్ళని: "అప్పుడు ఎన్నో నెలలో తెలిసింది, ఎవరు చెప్పారు?" జవాబు ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది. ఆ నెల దగ్గర పడుతుంటే కార్డు మూల చిన్న మడత పెట్టి, ఆ ఊరి ఏఎన్ఎంకి చూపించి, ఈవిడని పదిహేను రోజులకోసారి పిలిచి గుండె వినిపించమంటాను. పోయిన నెల అలా మడత పెట్టినవి నాలుగు. వాటిలో ఇద్దరు మళ్ళీ కనపడ్డారు, మిగతా ఇద్దరి గురించి ఏఎన్ఎంని అడగాలి.